పేరు వారిది, భవనము వేరొకరిది

(ఒక పఠనమందిరమున చేసిన యుపన్యాసపాఠము)



నేటి విషయము హోటళ్ళని వినగానే కొందఱు చిఱునవ్వు నవ్విరి. పఠనమందిరమున హోటళ్ళ ముచ్చట యేల యని వారి భావము. కాని దేశముల ధనము ఏ త్రోవను నడచునో తెలిసికొనగోరువారికి హోటలు బ్యాంకుకంటె తక్కువ పాఠము చెప్పదు. మన పెద్దల కాలమున బాటసారి దిగుటకు సత్రముండెను. అన్నమునకు పూటకూళ్ళ యిల్లుండెను. సత్రము ధర్మము, పూటకూళ్ళది వృత్తి. రెంటికిని యజమాని యెవరో ఊరెల్ల నెఱుగును. నేటి మహానగరముల హోటలు అట్టిది కాదు. పడక, స్నానము, మూడు పూటల భోజనము, చాకలి, సభామందిరము, వివాహమంటపము అన్నిటిని ఒక్క కప్పుక్రింద నమర్చి, ఒక్కటే పేరుతో నూఱు దేశములలో నిది నిలిచియున్నది. ద్వారముమీది పేరు చూచి భవనముగూడ ఆ పేరువారిదే యని మన మనుకొందుము. పెక్కుచోట్ల అది నిజము కాదు. నేను చెప్పవచ్చిన దంతయు నా సంగతియే.

హిల్టన్ సంస్థ చరిత్రను గైకొందము. 1919లో కాన్రాడ్ హిల్టన్ అనునాతడు బ్యాంకు కొనుటకై టెక్సాసులోని సిస్కో యను చమురుపట్టణమునకు పోయెను. అమ్మువాడు ధర పెంచుటచే బేరము చెడెను. రాత్రి తల దాచుకొన మోబ్లీ హోటలునకు పోగా గది దొరకలేదు. చమురుబావుల పనివారు ఎనిమిదేసి గంటల వంతున ఒక్కొక్క మంచముపై మాఱి మాఱి నిద్రించుచుండిరి. బ్యాంకుకంటె నిదియే మేలని తలచి 40 గదుల యా యింటిని 40,000 డాలర్లకు కొనెను. భోజనశాలను సైతము తీసివేసి మంచములు వేయించెను. సకలసేవల హోటళ్ళకు పేరొందినవాని తొలిపని యిది!

అతని బుద్ధిబలము 1925 నాటి డాలసు హోటలులో బయటపడెను. భూమిని కొనక 99 ఏండ్లకు కౌలునకు బుచ్చుకొనెను. ఆ కౌలుహక్కునే తాకట్టుపెట్టి అప్పు తెచ్చెను. సగము కట్టడము లేచునప్పటికి సొమ్ము చాలదయ్యెను. అప్పుడు భూస్వామినే యొప్పించి, మిగిలిన కట్టడమును ఆయన సొమ్ముతో పూర్తిచేయించి, దానిని తాను అద్దెకు పుచ్చుకొనెను. భూమి యొకరిది, ధనము పలువురిది, గోడమీది పేరుమాత్ర మతనిది. ఆ సంస్థ పిమ్మట నడచిన త్రోవ యంతయు ఇందు బీజరూపమున నున్నది.

1930 తరువాతి ఆర్థికమాంద్యమున అతడు సర్వము పోగొట్టుకొనునంత వఱకు వచ్చి నిలద్రొక్కుకొనెను. 1945లో షికాగోలోని స్టీవెన్సు, పామర్ హౌసు హోటళ్ళు చేజిక్కెను. 1949లో న్యూయార్కు వాల్డార్ఫ్ ఆస్టోరియా వశమయ్యెను. 1954లో స్టాట్లర్ హోటళ్ళను 11 కోట్ల 10 లక్షల డాలర్లకు కొనెను. ఇవి స్వదేశపు బేరములు.

పరదేశములకు వ్యాపించుటకై 1948లో ప్రత్యేకశాఖ యేర్పడెను. మఱుసటి యేడు డిసెంబరున, అమెరికా పాలనలోని ప్యూర్టో రికో ద్వీపమున, సాన్ హువాను పట్టణమందు కరీబె హిల్టన్ తెఱవబడెను. దానిని కట్టించినది హిల్టను గాదు, ద్వీపప్రభుత్వము. చెఱకునే నమ్ముకొన్న ప్రజలకు వేఱు జీవనాధారము చూపవలెనని ప్రజాధనము వెచ్చించి భవనము నిర్మించి, యిరువదియేండ్లకు హిల్టనున కిచ్చెను. నిర్వహణలాభములో మూడింట రెండు పాళ్ళు ప్రభుత్వమునకు, ఒక పాలు హిల్టనునకు. నా యభిప్రాయమున అది మంచి బేరమే. ఇచ్చువా డేమి యిచ్చుచున్నాడో, పుచ్చుకొనువా డేమి చేయవలెనో అందఱకు తెలియును.

1955లో ఇస్తాంబులునకు హిల్టన్ వచ్చెను. దాని యజమాని టర్కీ ప్రభుత్వోద్యోగుల పింఛనునిధి. 1958లో హవానా హిల్టన్ వెలసెను. దానికి మూలధనము క్యూబాలోని హోటలు, భోజనశాలల పనివారి పింఛనునిధినుండి వచ్చెను. ఒక్కక్షణము ఆలోచింపుడు. వడ్డించువాడు, వంటవాడు, గిన్నెలు తోమువాడు వార్ధక్యమునకై కూడబెట్టుకొన్న కాసులతో ఆకాశము నంటు భవనము లేచెను; దానిపై అమెరికా వ్యాపారి పేరు వెలసెను. ఏడాది తిరుగకుండ విప్లవము వచ్చెను. 1959 జనవరిలో కాస్ట్రో ఆ హోటలునే తన కార్యస్థానముగ చేసికొనెను. 1960లో ప్రభుత్వము దానిని స్వాధీనపఱచుకొని హబానా లిబ్రె యని పేరు మార్చెను. పత్రికలు హిల్టను నష్టమునుగూర్చి వ్రాసెను. యాత్రికులు రాని హోటలులో చిక్కుపడిన ముసలి పనివాని మూలధనమునుగూర్చి వ్రాసినవారు తక్కువ.

అటుపిమ్మట ఇట్టి సంస్థల పత్రములలో నొక మార్పు బలపడెను. న్యాయవాదిని గాన దీనిని కొంచెము విప్పిచెప్పెదను. మీ పొలమును కౌలున కిచ్చితిరేని, పంట పండినను ఎండినను కౌలుదారు మీకు మక్తా చెల్లింపవలెను. పాలున కిచ్చితిరేని మేలుకీళ్ళలో అతనికిని భాగముండును. అట్లుగాక ఒకని ముఖ్తారుగా నుంచి సేద్యము చేయించితిరా, విత్తనము మీది, కూలి మీది, అనావృష్టి మీది; అతడు తన జీతము తాను పుచ్చుకొనును. సాన్ హువాను ఏర్పాటు పాలున కిచ్చుటవంటిది. నేడు లోకమంతట వ్యాపించినది ముఖ్తారు ఏర్పాటు. మొత్తము రాబడిమీద నూటికి రెండు మూడు వంతులు, లాభముమీద మఱికొంత రుసుము సంస్థకు పోవును. హోటలునకు నష్టము వచ్చినను రాబడిమీది రుసుము ఆగదు. పరుపులు మార్చుట, గోడలకు రంగులు వేయించుట సంస్థ నియమము; ఖర్చు యజమానిది. ఇది యిరువది, ముప్పది యేండ్లు నడచును.

సంస్థ యేమియు నీయదని నేననను. 1955లోనే అది గదులను ముందుగ కేటాయించు కేంద్రకార్యాలయమును నెలకొల్పినది. ఏ యూరివాడైనను ఒక్కచోట అడిగి వేఱొక ఖండమున గది పొందగలిగెను. ఎఱుగని నగరమున ఎఱిగిన పేరు యాత్రికునకు ధైర్యము. పనివారికి శిక్షణము దొరకును, దేశమునకు డాలర్లు వచ్చును. వీని వెల యెంత యనునదే ప్రశ్న.

కైరో సంగతి మఱింత విచిత్రము. నైలునదీతీరమున బ్రిటిషుసేన విడిసిన కసర్ ఎల్ నీల్ శిబిరముండెడిది. పరసేన వెడలినపిమ్మట ఆ స్థలముననే నైలు హిల్టన్ లేచెను. 1959లో నాసరే దానిని ప్రారంభించెను. సూయెజ్ కాలువను జాతీయము చేసిన నాయకుడు అమెరికా పేరును పిలిచి నిలిపెను! ఇది లొంగుబాటని నేననుకొనను. భవనము ఈజిప్టుదిగానే యుండెను. 2008 చివర హిల్టన్ వెడలిపోయెను. 2015లో నా భవనమే రిట్జ్ కార్ల్‌టన్ పేరున మరల తెఱవబడెను. బోర్డు మాఱినది, నేల మాఱలేదు.

ఆ పేరే యెన్ని చేతులు మాఱినదో చూడుడు. విదేశశాఖ 1964లో వేఱుపడి, 1967లో ఒక అమెరికా విమానసంస్థ చేతికిని, 1987లో గుఱ్ఱపుపందెముల పణములు నడపు ఇంగ్లండు సంస్థ లాడ్‌బ్రోక్ చేతికిని పోయి, 2006లో తల్లిసంస్థను చేరెను. 2007లో బ్లాక్‌స్టోన్ అను మూలధనసంస్థ సర్వమును 2,600 కోట్ల డాలర్లకు కొనెను. 2017లో తనకు మిగిలిన భవనములలో నధికభాగమును పార్కు హోటల్స్ అను వేఱు కంపెనీకి విడదీసి యిచ్చెను. నేడు ఏడువేలకు మించిన హోటళ్ళమీద ఆ సంస్థకు చెందిన పేళ్ళున్నవి. అందు సొంతభవనములు మిక్కిలి స్వల్పము.

మన దేశమున జంషెడ్జీ టాటా 1903లో బొంబాయి తాజ్‌ను సొంతధనముతో కట్టించెను. 1965లో ఒబెరాయివారు ఢిల్లీలో ఇంటర్‌కాంటినెంటల్ పేరును చేర్చుకొని హోటలు తెఱచిరి. ఆ పేరు తరువాత తొలగినది, ఒబెరాయి నిలిచినది. అరువు తెచ్చిన పేరును ఎప్పుడు విడువవలెనో వారెఱుగుదురు. తాజ్‌వారు ఇప్పుడు తామే ఆ విద్య నేర్చినారు: 2005లో న్యూయార్కులోని పియెర్ హోటలును కౌలునకు పుచ్చుకొనిరి, మన హైదరాబాదులో నిజాము వంశీకుల ఫలక్‌నుమాను కౌలునకు పొంది 2010లో హోటలుగ తెఱచిరి.

ప్రైవేటు ధనవంతుడు తన సొమ్ముతో ముఖ్తారును పెట్టుకొనిన మనకేల? కాని ప్రభుత్వము తన భూమిని చవుకగ నిచ్చినప్పుడు, ఉద్యోగుల నిధి యిట్టి భవనమున పెట్టబడినప్పుడు, ఆ పత్రము కౌలుపత్రమా, ముఖ్తారునామాయా, నష్ట మెవరిది, రుసుము దేనిపైన, ఎన్నేండ్లకు విముక్తి అని శాసనసభ్యులను అడుగు హక్కు ఈ సభలోని ప్రతివానికి గలదు. నాకిచ్చిన కాలము మించినది. సందేహములున్నవారు అడుగుడు, తెలిసినంత చెప్పెదను.