సాధకము - సభాభీతి



ఇంటియందు కీర్తనను తప్పు లేక పాడు బాలుడు శ్రీరామనవమి పందిటిలో సగము పాడి, నోట మాట రాక నిలిచిపోవుటను మీరందఱును చూచియే యుందురు. "వీనికి సాధకము చాలదు" అని పెద్దలందురు. "దిష్టి తగిలినది" అని తల్లి యనును. నా తలంపున ఈ రెండును సరి కావు. వాడు సాధకము చేసియే యున్నాడు. కాని ఒక్క తీరుననే చేసినాడు.

మొదటినుండి తుదివఱకు నిత్యము పాడినచో ఒక్కొక్క స్వరము తన తరువాతి స్వరమును గొలుసువలె లాగికొని వచ్చును. నోరు పాడుచుండును, మనస్సు ఊరక యుండును. ఇంటియందిది చాలును. సభలో ఎవరో దగ్గినంతనే ఒక కొంకి యూడును. నడుమనుండి యెత్తుకొనుట వానికెన్నడును అలవాటు లేదు. ఇక నేమి చేయగలడు?

మన పూర్వులు వేదాధ్యయనమున దీనికి ఉపాయము చేసియున్నారు. సంహితను వల్లించిన విద్యార్థిచేత క్రమమును, జటను, ఘనమును చెప్పింతురు. జటయందు ఒకటవ పదము, రెండవ పదము; పిమ్మట రెండవది, ఒకటవది; మరల ఒకటవది, రెండవది. పాఠమును కాపాడుటకై యేర్పడిన పద్ధతియే యైనను, దీనివలన ప్రతిపదమును ఒక గుమ్మమగును. ఎచటనుండియైనను లోనికి పోవచ్చును. సంగీతమునందు జంట వరుసలును, అలంకారములును, మూడు కాలములును ఇట్టి పనియే చేయును. పిల్లలు మూడవ కాలమునకు తొందరపడుదురు. వేగమున తప్పు దాగును. మొదటి కాలమున బయటపడును.

ఇంకొక దోషము కలదు. తప్పు వచ్చినంతనే విద్యార్థి మరల పల్లవి యెత్తుకొనును. పల్లవి నూఱుమాఱులు సాధకమగును, తప్పిన చోటు పదిమాఱులైనను కాదు. వంతెన విఱిగినదని బండి వెనుకకు త్రిప్పి, ఊరినుండి మరల బయలుదేఱువానివలెనే యుండును. గురువు అచ్చటనే యాపి, ఆ ఒక్క యావృత్తమునే పాడింపవలయును.

తెల్లవాఱుజామునుండి గంటలకొలది గొంతు చించుకొనుటను కొందఱు అసురసాధకమని పొగడుదురు. దాని స్వభావము పేరులోనే యున్నది! ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థము లేని అక్షరములను తానే వల్లించి, 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒకనాడే 68 మాఱులు వల్లించిన ఫలము, మూడు దినములకు పంచి 38 మాఱులు వల్లించినచో లభించినదట. కావున గంట కాలమును ఉదయము కొంత, సాయంకాలము కొంతగా చేయుట మేలు. నిద్రలోను నేర్చినది కుదురుకొనునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఇక భయము మాట. గుండె దడదడలాడుట, నోరెండుట, వ్రేళ్లు చెమర్చుట అందఱికిని కలుగును. పరుగుపందెమునకు ముందును ఇట్లే యగును. "భయపడకుము" అనిన భయము పోదు. "నీకు ఊపు వచ్చినది, పాడుము" అనుట మేలని నేటి మనస్తత్త్వ పరిశోధనలలో తేలినది. కచేరీలలో విద్వాంసులు వర్ణముతో నారంభించుటయు నాకిందులకే నచ్చును. లెస్సగా తెలిసిన దానితో మనస్సు కుదుటపడును. పిల్లవానికిని ముందొక చిన్న గీతము నీయుడు. మొదట నాయనమ్మ యెదుట, పిమ్మట ఇరుగుపొరుగువారి యెదుట, తరువాత శనివారపు భజనలో పాడనిచ్చి, పందిటికి తెండు.

నా విద్యార్థిని యొకతె పెండ్లిపందిట తడబడగా ముందువరుసలోని పెద్దలు నవ్విరి. ఎంత చక్కని గొంతు! ఆమె నేటికిని నలుగురిలో పాడదు. మీరు వినుటయందును ఒక ధర్మము కలదు. పిల్లవాడు ఆగినపుడు పదిమంది పదివిధములుగా అందింపకుడు, వేదిక దింపకుడు. శ్రుతి నిలుపక, తాళము తప్పక, ఒక్క యావృత్తము వేచి యుండుడు. నడుమనుండి యెత్తుకొన నేర్చినవాడు ఆ యావృత్తములోనే వచ్చి కలియును.