ఇంటికి ఒక్కటే వంట

(సాంస్కృతికోత్సవ సభలో మహిళా విభాగము తరఫున చేసిన ఉపన్యాసము)



ఇటువంటి ఉత్సవములలో మన భాష గురించి, మన నాట్యము గురించి మాట్లాడుట ఆచారము. మాకు మాత్రము వంటయింటిని అప్పగించారు. మేము కొందరము కలిసి, కోరినవారి ఇండ్లకు వెళ్ళి, రోజువారీ తిండిని ఎలా సరిదిద్దుకోవచ్చునో ఆ యింటివారితో కూర్చుని ఆలోచిస్తుంటాము. మేము డాక్టర్లము కాము. వండి, వడ్డించి, ఉప్పు తక్కువైతే మాటలు పడినవారము. ఆ అనుభవముతోనే నాలుగు మాటలు మనవి చేస్తాము.

మన దేశములో 2019లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి 18.3 మందికి మధుమేహము ఉన్నట్లు తేలినది. భారతీయ సంతతివారిని వేరుగా లెక్కిస్తే నూటికి 31.4. అంటే మన పెండ్లి బంతిలో పదిమంది పెద్దలు కూర్చుంటే వారిలో ముగ్గురు. 2023 సర్వేలో దేశపు సగటు 15.6కు వచ్చినది, సంతోషమే. కాని ఆ బంతిలో ముగ్గురు ఎవరో మనకు పేరు పేరునా తెలుసు. మన అత్తలు, మన బావలు, కొన్ని ఇండ్లలో మన కొడుకులు కూడా.

ఇది ఎక్కడినుండి వచ్చినది? మన ముత్తాతలు విశాఖ, గోదావరి ప్రాంతములనుండి ఓడలెక్కి వచ్చి రబ్బరు తోటలలోను, బాగాన్ దాతో వైపు కొబ్బరి తోటలలోను పనిచేశారు. తెల్లవారకముందే పేరు పిలిపించుకొని, వందల చెట్లకు గీత గీసి, పాలు మోసి, ఇంటికి వచ్చి మళ్ళీ నీళ్ళు మోసి, కట్టెలు కొట్టేవారు. ఆ ఒంటికి పళ్ళెము నిండా అన్నము చాలేది కాదు. ఇప్పుడు తోటలు పోయినవి, మనము పట్టణములకు చేరాము, లిఫ్టు ఎక్కుతున్నాము, బండి నడుపుతున్నాము. అన్నపు కుప్ప మాత్రము తాతగారి కొలతలోనే ఉన్నది. పని తగ్గినది, కొలత తగ్గలేదు.

అలాగని ఆ రోజుల తిండి అంతా మంచిదని మేము అనము. చారు, ఎండుచేప, తెల్లన్నము తిని రక్తము చాలక నీరసించిన తల్లులెందరో. 1942 నుండి 1945 వరకు జపానువారి కాలములో బియ్యము దొరకక కర్రపెండలము, దొరికిన ఆకు తిని బ్రతికారు. అందుకే మన పెద్దలలో చాలామందికి ఆకుకూర అంటే కరువు తిండి. పిల్లలకు తెల్లన్నము, కోడికూర, పాలడబ్బా టీ పెట్టగలిగిన రోజున వారు తృప్తిపడ్డారు. ఆ తృప్తిని మనము తప్పుపట్టరాదు. మునగాకు పప్పు వద్దని మామ్మ మూతి తిప్పుకుంటే దాని వెనుక ఇంత కథ ఉన్నదని కోడలు తెలుసుకోవాలి.

ఇక అసలు విషయము. ఇంట్లో ఒకరికి షుగరు అని డాక్టరు చెప్పగానే సాధారణముగా జరిగేదేమిటి? ఆ ఒక్కరికి వేరుగా ఓట్సు, రెండు దోసకాయ ముక్కలు. మిగిలినవారికి ఎప్పటివలెనే వేపుడు కోడి, కొబ్బరిపాల కూర, చల్లని తీపి నీళ్ళు. ఆ మనిషి వారము రోజులు ఓర్చుకొని, ఎనిమిదవనాటి రాత్రి అందరూ పడుకున్న తరువాత గిన్నె మూత తీస్తారు. మరునాడు ఇంట్లో తగవు. ఆ తగవు చివరకు వండే ఆమె మీదికే వస్తుంది. ఎదురుగా అదే బల్లమీద కూర్చున్న పిల్లలు ఏమి నేర్చుకుంటారు? మంచి తిండి అంటే జబ్బువారికి వేసే శిక్ష అని నేర్చుకుంటారు.

కనుక మా మొదటి మాట: ఇంటికి ఒక్కటే వంట. రోగికి తగినది అందరికీ తగినదే. కొలతలో తేడా ఉండవచ్చును, గిన్నెలో తేడా ఉండరాదు.

మేము ఒక ఇంటికి వెళ్ళినప్పుడు ఏమి తింటున్నారని మొదట అడగము. సామాను కొనేదెవరు, వండేదెవరు, వడ్డించేదెవరు అని అడుగుతాము. చాలా ఇండ్లలో కొనేది మగవారు, వండేది కోడలు, వడ్డించేది అత్తగారు. ఒకరిని మార్చి లాభము లేదు, ముగ్గురూ కూర్చోవాలి. ముఖ్యముగా వడ్డించే చేయి. ఇంకొంచెము, ఇంకొంచెము అని కొసరి వడ్డించుట మన మర్యాద. కొసరి వడ్డించవద్దు అంటే ఏ మామ్మా వినదు. అందుచేత కొసరేది కూరలో కొసరమంటాము, అన్నములో కాదు. దానికి మాత్రము ఒప్పుకుంటారు.

మొదటి రెండు వారములు తిండి జోలికే వెళ్ళము. త్రాగేవాటిని మాత్రము చూస్తాము. తీపి పాలడబ్బాలో ఉన్నదానిలో సుమారు సగము చక్కెర. పైగా చాలా డబ్బాలమీద ఇప్పుడు పాలు అని ఉండదు, చదివి చూడండి, క్రిమర్ అని ఉంటుంది. టీకి రెండు పెద్ద చెంచాలు వేస్తే నాలుగు చిన్న చెంచాల చక్కెర వేసినట్లే. రోజుకు మూడు కప్పులైతే పన్నెండు చెంచాలు, అంటే 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మరీ మంచిదంటున్నది. అన్నము ముట్టకముందే లెక్క దాటిపోయినది. కాబట్టి రెండు చెంచాలను ఒకటిన్నర, తరువాత ఒకటి, అటుపైన మామూలు పాలు. బయట దుకాణములో అయితే 'కురాంగ్ మానిస్' అనే రెండు మాటలు చాలు, ఎవరూ నవ్వరు. డబ్బా పానీయముల వెనుక 100 మిల్లీలీటర్లకు ఎంత చక్కెర అన్నది అచ్చువేసి ఉంటుంది. 10 గ్రాములని ఉంటే, 320 మిల్లీలీటర్ల డబ్బాలో 32 గ్రాములు. ఈ లెక్క మన పిల్లలచేత చేయించండి. మనకంటె వారే త్వరగా చేస్తారు, చేసినవారు ఆ డబ్బాను మునుపటివలె చూడరు.

తరువాత బియ్యము. మనలో చాలా ఇండ్లలో ఇప్పటికీ బియ్యము కొలిచేది ఖాళీ పాలడబ్బాతోనే. ఆ డబ్బానే మేము వాడుకుంటాము. నలుగురికి రెండు డబ్బాలు పోసే ఇంట ఈ వారము ఒక పిడికెడు తీసి పోయండి, పై వారము మరొక పిడికెడు. ఒకటిన్నర డబ్బాకు వచ్చి ఆగండి. తీసిన చోట కూర పెంచాలి, లేకపోతే ఆకలితో రాత్రి బిస్కట్ల డబ్బా తెరుస్తారు. ఆరోగ్య శాఖవారు 'సుకు సుకు సెపారుహ్' అంటారు కదా, పళ్ళెములో పావు అన్నము, పావు చేప గాని కోడి గాని పప్పు గాని, సగము కూరగాయలు, పండ్లు. మా చేతిలో ఉన్న పటమూ అదే. కొందరు రాగిజావ ఎంతైనా త్రాగవచ్చునని అనుకుంటున్నారు. రాగులు మంచివే, మన చోడి అంబలి మంచిదే, కాని అదీ పిండే. ఒక గిన్నె చాలు, బెల్లము లేకుండా.

ఆ సగము పళ్ళెము నింపుటకు దూరము పోనక్కరలేదు. అంగడిలో పెగాగా అని కట్టలు కట్టి అమ్మేది మన సరస్వతి ఆకు. బాయమ్ అంటే తోటకూర. కాంగ్‌కుంగ్ అంటే తూటికూర. పెరట్లో గోంగూర, మునగచెట్టు ఉన్నవారు అదృష్టవంతులు, వారు పొరుగువారికి పంచాలని మా కోరిక. పప్పు ఉడికిన తరువాత నాలుగు గుప్పెళ్ళ తోటకూర వేసి, చింతపండు కొంచెము తగిలించి, ఒక చెంచా నూనెతో తాలింపు పెడితే అందరికీ సరిపోతుంది. పొరుగున మలాయ్ కుటుంబములు భోజనముతో పచ్చి ఆకులు ఉలామ్‌గా తింటారు, అది మనము నేర్చుకోదగినది. కొబ్బరిపాలు సగము పోసి మిగతా సగము పప్పుకట్టు పోయండి, కూర చిక్కగానే ఉంటుంది. ఎండుచేప వండిన పూట ఊరగాయ వద్దు, రెండింటి ఉప్పు ఒక్క పూటకు ఎక్కువ.

ఒక్క హెచ్చరిక చేయాలి. షుగరుకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు డాక్టరుతో చెప్పకుండా ఒక్కసారిగా అన్నము తగ్గించరాదు. షుగరు మరీ పడిపోయి కళ్ళు తిరుగుతవి. మూత్రపిండముల జబ్బున్నవారు ఆకుకూరల సంగతి కూడా అడిగియే తినాలి.

పిల్లల విషయములో మేము భయపెట్టము. నీకూ షుగరు వస్తుంది అని బెదిరించిన పిల్లవాడు స్కూలు క్యాంటీనులో చాటుగా తింటాడు. సాయంత్రము బడినుండి వచ్చేసరికి బల్లమీద ఉడికించిన శనగ గుగ్గిళ్ళు, కోసిన జామకాయ, బొప్పాయి ముక్కలు ఎదురుగా ఉండాలి. ఆకలిగొన్న చేయి దగ్గరున్నదానినే అందుకుంటుంది. రోటీ చనాయ్, నాసి లెమాక్ మానమని మేము ఎవరినీ అడగలేదు. అవి ఈ దేశపు రుచులు, మనము ఈ దేశస్థులము. రోజూ కాకుండా ఆదివారము తినండి, కుటుంబమంతా కలిసి వెళ్ళండి.

ఆరు నెలలకు ఏమవుతుందని అడుగుతారు. కొన్ని ఇండ్లలో రక్తపరీక్ష అంకె దిగినది, కొన్నిట దిగలేదు, ఒక ఇంట మామగారు మాతో మాట్లాడుట మానివేశారు. అయినా పిలిచిన ఇంటికి మేము వెళ్తూనే ఉన్నాము. మా పేర్లు తలుపు దగ్గర బల్లమీద వ్రాసి ఉన్నవి, రావలెనని కోరేవారు తమ ఊరు, ఫోను నంబరు అక్కడ వ్రాయవచ్చును.

సభ ముగిసిన తరువాత టీ ఉన్నది. చక్కెర విడిగా పెట్టించాము, చిన్న చెంచాలు ప్రక్కనే ఉన్నవి. మధ్యాహ్న భోజనములో తోటకూర పప్పు మేము వండినదే, గరిటె మామ్మల చేతికి ఇచ్చాము.