తీర్పులను వెదకు విధము



వ్యాజ్యము ముగిసిన పిమ్మట వాదిప్రతివాదులు తమ కాగితములను మూటగట్టి దాచుకొందురు గాని, ఉన్నత న్యాయస్థానము చేసిన నిర్ణయము తరువాతి వ్యాజ్యములనుగూడ శాసించును గనుక, దానిని వెదకి చదువుకొను నేర్పు ప్రతి పౌరునకును వలయునని నా దృఢవిశ్వాసము.

మన బళ్లారి గనుల సంగతినే తీసికొందము. సమాజ పరివర్తన సముదాయమను సంస్థ కర్ణాటక రాష్ట్రముపై సుప్రీంకోర్టున నడపిన వ్యాజ్యములో పెక్కు ఉత్తర్వులు వెలువడినవి; ఉభయపక్షముల పేర్లు మాత్రమే చెప్పి తీర్పు నడిగినచో ఏది చేతికి వచ్చునో చెప్పజాలము. ‘(2012) 7 ఎస్.సి.సి. 407’ అని యడిగితిమా, సి.బి.ఐ. దర్యాప్తునకు ఆదేశించిన తీర్పు దొరకును. ‘(2013) 8 ఎస్.సి.సి. 154’ అంటిమా, అక్రమములు మిక్కుటమని తేలిన ‘సి’ తరగతి గనుల లీజులను రద్దు చేసిన తీర్పు దొరకును. కుండలీకరణములలోనిది సంవత్సరము, తరువాతిది ఆ యేటి సంపుటము, అక్షరములు ‘సుప్రీంకోర్ట్ కేసెస్’ అను గ్రంథమాల పేరు, కడపటిది తీర్పు మొదలగు పుట. ఆంధ్ర కర్ణాటకముల హద్దున నున్న ఏడు లీజులలోని త్రవ్వకము ఆ హద్దు తేలువరకు ఆగియుండవలెనని చెప్పిన భాగము ఈ రెండవ తీర్పుననే యున్నది. సరిహద్దున బ్రదుకు మనము దానిని పత్రికల సంగ్రహములతో సరిపెట్టుకొనక మూలముననే చదువవలయును.

పాత భూముల తగవులలో మొదట చూడవలసినది తేదీ. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమున చేరగా, బళ్లారి మైసూరున కలిసినది. అంతకు పూర్వము మన అప్పీళ్లు మద్రాసు హైకోర్టునకు పోయెడివి గనుక, ఆనాటి తీర్పులను 1876లో మొదలైన ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు శ్రేణిలో వెదకవలెను. పిమ్మటివానిని మైసూరు పేరిటను, 1973 నవంబరు తరువాత కర్ణాటక పేరిటను చూడవలెను. నేటి మన అప్పీళ్లు ధార్వాడ పీఠమునకు పోవుచున్నవి. మద్రాసు శ్రేణిలో సంపుటముల లెక్క ఏటేట మరల ఒకటితో మొదలుగాదు: ఏకపుత్రుని దత్తత చెల్లునని 1899లో ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించిన బాలుసువారి వ్యాజ్యము ‘ఐ.ఎల్.ఆర్. 22 మద్రాస్ 398’. అదే తీర్పు ‘ఇండియన్ అప్పీల్స్’ అను మరియొక గ్రంథమాలలో ‘26 ఐ.ఎ. 113’. రెండంకెలు కనబడినంతమాత్రమున రెండు తీర్పులని భ్రమపడరాదు.

వెలగల సంపుటములు కొనలేని సామాన్యునకు 2023 నుండి సుప్రీంకోర్టు తన రిపోర్టులను ఇ-ఎస్.సి.ఆర్. ద్వారా ఉచితముగా అందించుచుండుట నాకు మిక్కిలి సంతోషకరము. అయితే తీర్పు శిరస్సున నుండు సంగ్రహము సంపాదకులు కూర్చినది. ప్రమాణముగా చూపవలసినది న్యాయమూర్తుల వాక్యమును, అది గల పేరా సంఖ్యను. ఆ తీర్పును తరువాతి ధర్మాసనము త్రోసిపుచ్చినదా యన్నదిగూడ చూచిన పిదపనే దానిని మీ వకీలు చేతికీయుడు.