తంజావూరు: మనకు మిగిలిన రాజ్యము



ప్రాచీనమైన తంజావూరును తొమ్మిదవ శతాబ్దమున విజయాలయుడు గైకొని చోళులకు రాజధాని గావించెను. రాజరాజు 1010లో బృహదీశ్వరాలయమును పూర్తి చేసెను. ఆయన కుమారుడు రాజేంద్రుడు గంగైకొండచోళపురమునకు తరలిపోగా పాతనగరము సామ్రాజ్యపీఠమును కోల్పోయెను.

పదునారవ శతాబ్దమున నాయకరాజులు తంజావూరును మరల రాజధాని చేసిరి. వారి కొలువున తెలుగు వెలసెను. రఘునాథనాయకుడు స్వయముగా కావ్యములు రచించెను. 1673లో నాయకరాజ్యము కూలెను గాని తెలుగు కూలలేదు. పిమ్మట వచ్చిన మరాఠా ప్రభువు శహాజీ సైతము తెలుగున యక్షగానములు వ్రాసెను.

సింహాసనములు పోయినవి. తెలుగు తాళపత్రములు సరస్వతీమహలులో నేటికిని కలవు. మనలో పెక్కుమందిమి ఇంట తెలుగు మాటాడుదుము గాని పిల్లలకు లిపి నేర్పలేదు. చదువువారు లేకున్న ఆ పత్రములు భద్రముగా నుండియు ఫలమేమి? వారమునకొక గంటయైనను ప్రతి యింట అక్షరములు దిద్దింతము.