దీపా ధన్‌రాజ్ చిత్రాలు – మన జమాతులు
(నెల్లూరు తీర గ్రామాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నేను ప్రస్తావించదలచినది ఒక డాక్యుమెంటరీ దర్శకురాలి కృషిని. దీపా ధన్‌రాజ్ హైదరాబాదులో జన్మించి, బెంగుళూరును కార్యక్షేత్రంగా చేసుకున్నారు. 1980లో మిత్రులతో కలసి ‘యుగాంతర్’ అనే చిత్ర బృందాన్ని నెలకొల్పారు. పుణె నగరంలో ఇంటిపని చేసే స్త్రీలు సంఘంగా ఏర్పడిన వృత్తాంతమే తొలి చిత్రం. మరుసటి యేడు నిప్పాణి పొగాకు కార్మిక స్త్రీల పోరాటాన్ని, వారి భాగస్వామ్యంతోనే చిత్రించారు. మన తీరాన రొయ్యల షెడ్లలో, మంచునీటిలో చేతులు నానబెట్టి తలలు వలిచే ఆడబిడ్డలను చూసినప్పుడల్లా నాకు నిప్పాణి జ్ఞాపకం వస్తుంది. వారి కూలి విషయమై మన సభలలో ఒక్క తీర్మానమైనా చేశామా?

1984 నాటి హైదరాబాదు మతకల్లోలాలపై ఆమె తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ 1986లో వచ్చింది. దానిని గూర్చి మరొకమారు మాట్లాడుకుందాం. నేడు ముఖ్యంగా చెప్పవలసినది 2011 నాటి ‘ఇన్వోకింగ్ జస్టిస్’.

తమిళనాట కుటుంబ తగాదాలను జమాతులలో పురుషులే విచారించేవారు. తన వాదన చెప్పుకొనుటకైనా స్త్రీకి ప్రవేశం లేదు. 2004లో కొందరు ముస్లిం స్త్రీలు తమదే ఒక జమాతును స్థాపించారు. చిత్రం వెలువడే నాటికి అది పన్నెండు జిల్లాలకు, 12,000 మంది సభ్యులకు విస్తరించి, 8,000కు పైగా తగాదాలను పరిష్కరించింది.

నేను ముప్పై యేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడిని. అర్జీదారుకు నోటీసు ఇవ్వక ఫైలు మూస్తే పై అధికారి తిప్పి పంపేవారు. ఇంతటి నియమమెరిగిన నేనే, రిటైరైన పిమ్మట, ఒక పెద్దమనుషుల పంచాయితీలో ఒక ఆడబిడ్డ విడాకుల కాగితంపై సాక్షి సంతకం చేశాను. ఆమె వరండాలో కూర్చుని ఉన్నది. ఆమె పక్షాన అన్న మాట్లాడాడు. మెహర్ బాకీ సంగతి అతనికి తెలియదు. మాకు అడగాలని తోచలేదు. ఆరు నెలల తరువాత ఆమే మా ఇంటికి వచ్చి, “సాబ్, ఆ కాగితంలో నా పేరున్నది, నా మాట ఏదీ?” అన్నది. నాకు జవాబు దొరకలేదు.

ఈ చిత్రం అందరికీ నచ్చుతుందని నేననను. ఉలమాలకు అభ్యంతరాలుండవచ్చును, వారినీ ఆహ్వానిద్దాం, చూసిన పిమ్మటనే వాదిద్దాం.

వచ్చే ఆదివారం ఇదే హాలులో ప్రదర్శన ఉంటుంది. అందులోని వారు తమిళం మాట్లాడతారు. సూళ్ళూరుపేట వైపు నుండి వచ్చేవారికి చిక్కులేదు, తక్కినవారికి నేను అర్థం చెబుతాను. కమిటీ సభ్యులు తమ ఇంటి స్త్రీలతో రావాలని మనవి. ఆ ఆడబిడ్డ కూడా వస్తానన్నది. ఈసారి వరండాలో కాదు.