అరుగుమీది బేరము, ఫోనులోని పుట

(సామర్లకోటలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీలో కొందరు రైలు దిగి, కొందరు కాకినాడ, పెద్దాపురముల నుండి బస్సులలో ఈ ఉదయము ఇచ్చటికి వచ్చినారు. దారిలో మీ ఫోనులందు పది ప్రకటనలనైనను చూచియుందురు. వానిలో ఎన్నింటిని చదివితిరి? ప్రకటనలు వ్రాయుట నా వృత్తి. అయినను నిజము చెప్పుచున్నాను, నేనును చదువలేదు.

పూర్వము మన పల్లెలకు చీరల మూటతో వర్తకుడు వచ్చెడివాడు. అరుగుమీద కూర్చుండి, మూట విప్పకముందే మంచినీళ్ళడిగెడివాడు. కిందటి యేడు పెద్దమ్మాయి పెండ్లికి ఇచ్చిన చీర రంగు నిలిచినదా యని విచారించెడివాడు. వెలిసినదన్నచో ఆ మాటను పదిమంది యెదుట పడవలసినదే. మరుసటి మారు ఆ అరుగే యెక్కవలెను గదా! ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాములలో చిన్న వ్యాపారి తెరచు పుట ఆ అరుగు వంటిది. మనవారు దానిని దండోరా యనుకొనుచున్నారు. దండోరా వేయువాడు చెప్పి పోవును. అరుగుమీదివాడు విని బదులు చెప్పవలెను.

వ్యాపారుల కొఱకు ఫేస్‌బుక్‌లో పుటలు 2007లో ఏర్పడినవి. చిన్న వర్తకులకై వాట్సాప్ బిజినెస్ 2018లో వచ్చినది. పుట తెరచుటకు రుసుము లేదు. కష్టమంతయు నడుపుటలోనే కలదు.

మన జిల్లాలోని ఉప్పాడనే తీసికొనుడు. అచ్చటి జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. పువ్వు కొఱకు వేరొక పేకను చేతితో, పోగు పోగుగా చొప్పించి నేయుదురు. పువ్వు రెండువైపులను ఒకే తీరున కనబడును. మేలైన చీరకు వారముల కొలది పట్టును. మరమగ్గముపై నేసిన అనుకరణ చీర ఫోనులోని చిన్న బొమ్మలో దాని వలెనే కన్పించును, ధర మాత్రము తక్కువ. బొమ్మను, ధరను మాత్రమే చూపినచో నేతగాడు ఓడిపోవుట నిశ్చయము. అతని బలము బొమ్మలో లేదు, మాటలో ఉన్నది.

రెండేండ్ల క్రిందట ఒక నేతకారుని కుమారుడు తన పుటను నాకు చూపినాడు. దినమున కొక చీర, ప్రక్కన ధర, “త్వరపడండి” అను మాట. నెలలు గడచినను కొన్నవారు లేరు. ఒక చీర క్రింద ఒకామె “ఇది మగ్గము నేతయేనా?” యని వ్రాసి మూడు వారములైనది. జవాబు లేదు. “అనుమానించి అడిగినారండీ, ఏమి చెప్పను?” అన్నాడు. “అబ్బాయీ, కొనదలచిన మనిషియే అనుమానించును” అంటిని. ఆ సాయంకాలము తల్లి మగ్గముమీద పువ్వు వేయుచుండగా ఆమె చేతులు కనబడునట్లు అర నిమిషము చిత్రము తీసి, చీర వెనుక వైపును కూడ చూపి, ఆ ప్రశ్న క్రిందనే పెట్టినాడు. అడిగిన యామె కొనలేదు. ఆ జవాబు చదివిన మరి యిద్దరు కొన్నారు. పదిమంది యెదుట ఒకరికి చెప్పిన జవాబు పదిమందికిని చేరును.

అతడే తరువాత మరియొక పని చేసినాడు, దానిని నేను మెచ్చలేను. చీర రంగు బొమ్మలోని రంగు వలె లేదని ఒకరు ఫిర్యాదు చేయగా దానిని చెరిపివేసినాడు. ఆ కొన్నవారు ఊరుకొనక, చెరిపిన సంగతిని కూడ వ్రాసిరి. దీపపు వెలుతురులో తీసిన బొమ్మ యగుటచే తేడా వచ్చినదని, చీర మార్చి ఇత్తునని రెండు ముక్కలు వ్రాసియున్న సరిపోయెడిది. ఇప్పుడు పగటి వెలుతురులోనే తీయుచున్నాడు లెండు.

కోనసీమలోని ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. బోర్లించిన కుండను వేడిచేసి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దానిపై పరచి రేకు తీయు ఆ పని చూడముచ్చటగా నుండును. అట్టి దృశ్యము చూపినచో మరి వర్ణన అక్కరలేదు. కాని రేకు సుకుమారము. దూరపు ప్రయాణమున నలుగవచ్చును. ఆ మాట ముందే చెప్పి పంపిన వారిపై కొన్నవారికి కోపము రాదు. పండుగనాడు శక్తికి మించి ఆర్డర్లు పుచ్చుకొనుటయు తగదు. “ఈ వారము ఇక చేయలేము” అని వ్రాయుటకు సిగ్గుపడవలదు.

ఇక మీ వంతు. పంచాయతీ తానుగా అంగడి పెట్టనక్కరలేదు. మీ ఊరి డ్వాక్రా సంఘమునకు పుట యున్నచో దాని తాళపుచెవి, అనగా పాస్‌వర్డు, ఒక్కరి చేతిలోనే ఉన్నదా యని విచారింపుడు. ఆ కుర్రవాడు పట్నమునకు పోయిన మరునాడు పుట మూగబోవును. ఇద్దరు సభ్యురాండ్రకైనను అది తెలిసియుండవలెను. దినమున కొక అరగంట, దీపాలవేళ యైనను సరే, జవాబులకే కేటాయింపుమనుడు. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ నొక్కనక్కరలేదని ప్రతివారికిని చెప్పుడు. కొనువారమని నటించి పిన్ నొక్కించి దోచువారు కలరు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

భోజనము లైన పిమ్మట ఫోనులు తీసికొని రండు. మీ ఊళ్ళ పుటలలో జవాబు లేక మిగిలిన ప్రశ్నలను ముందుగా చూతము.