కువైట్ దారి తెలిసిన ఇళ్లకు విశ్వవిద్యాలయం దారి

(కర్నూలులో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అంతర్జాతీయ వ్యాపార నిర్వహణలో మాస్టర్స్ డిగ్రీ కోసం విదేశాలకు వెళ్లడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఇది మన ఇళ్లకు సంబంధించిన విషయం కాదని, హైదరాబాదులో స్థిరపడిన సంపన్న కుటుంబాల విషయమని కొందరు అనుకోవచ్చు. నాకు అలా తోచదు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల జనాభాలో దాదాపు ఆరుగురిలో ఒకరు ముస్లింలు. ఆ కుటుంబాలకు విదేశం కొత్త కాదు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో ఏ వీధికి వెళ్లినా కువైట్ సంపాదనతో కట్టుకున్న ఇల్లో, కువైట్ సంపాదనతో జరిగిన పెళ్లో కనబడుతుంది. పాస్‌పోర్టు, మెడికల్, వీసా, ఏజెంటు అనే మాటలు అక్షరం రాని తల్లికి కూడా కంఠస్థం. విద్యార్థిగా విదేశం వెళ్లడమే మనకు ఇంకా అలవాటు పడని పని.

ఈ రెండు ప్రయాణాలకు ఉన్న భేదాన్ని ముందుగా గ్రహించాలి. కువైట్‌కు వెళ్లే పనివారి నివాసానుమతి కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. ఆయన దయ తప్పితే ఆ మనిషి నిలువ నీడ కోల్పోతాడు. విద్యార్థి నివాసానుమతి అతడు పొందిన ప్రవేశంతో, హాజరుతో, పరీక్షలతో ముడిపడి ఉంటుంది. అంటే అతడి హక్కు అతడి చదువులోనే ఉంది. దురదృష్టవశాత్తు మనం పాత దారిలో నేర్చుకున్న అలవాటునే కొత్త దారిలోకీ తీసుకుపోతున్నాం. ముందు ఏజెంటును వెదుకుతున్నాం, ఆయన చెప్పిన దేశం ఎంచుకుంటున్నాం, ఆయన చూపిన కళాశాలలో చేరుతున్నాం. కోర్సు పేరు విమానం ఎక్కే రోజున తెలుసుకునేవారు కూడా ఉన్నారు.

ఇలాంటి ప్రయాణానికి మన ఊరిలోనే ఒక పూర్వోదాహరణ ఉంది. కర్నూలు బిడ్డ డాక్టర్ అబ్దుల్ హక్ గారు అరబీ, ఫారసీ విద్యలలో పండితులై, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొంది తిరిగి వచ్చారు. 1947లో ఈ పట్టణంలో ఉస్మానియా కళాశాల వెలిసింది ఆయన కృషి వల్లనే. నేటి ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే ఉంది. ఆ రోజులలో ఓడలో వెళ్లి చదివి వచ్చిన ఒక్క మనిషి చదువు ఎన్ని తరాలకు పంచబడిందో ఈ సభలో ఉన్న ఉస్మానియా పూర్వ విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక ఈ కోర్సులో ఏమి బోధిస్తారు? పేరు పెద్దది గానీ విషయం మన నేలకు దగ్గరిదే. పూర్వపు కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయిని తీసుకోండి. ఒకేచోట ఉన్న ముగ్గురాయి నిక్షేపాలలో ప్రపంచంలోనే అతి పెద్దదిగా దానికి పేరు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురద మిశ్రమానికి బరువునివ్వడానికి ఆ రాతిపొడి కావాలి. మన మనుషులు ఏ గల్ఫ్ దేశాలకు కూలికి వెళుతున్నారో, ఆ దేశాల చమురు బావులకు అవసరమైన రాయి మన గడ్డ మీదే ఉంది. రాయి తవ్వేవాడికి, లారీకి ఎత్తేవాడికి కూలి దక్కుతుంది. ఒప్పందం రాసేవాడికి లాభం దక్కుతుంది. ఆ ఒప్పందం రాయడం ఎలాగో ఈ చదువు నేర్పుతుంది. ఎఫ్‌ఓబీ అంటే రేవులో సరుకు ఓడకెక్కేదాకానే అమ్మకందారు బాధ్యత. సీఐఎఫ్ అంటే ఓడ కిరాయి, బీమా కూడా అతడే చెల్లించాలి. ఈ మూడేసి అక్షరాల తేడాతో ఒక ఏడాది లాభం చేతులు మారుతుంది. కొనుగోలుదారు ముఖం చూడకుండానే సరుకు పంపగలగడానికి బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్, డాలరు విలువ పడిపోతే నష్టపోకుండా చేసుకునే ముందస్తు ఏర్పాటు, సుంకాల నియమాలు, రవాణా గొలుసు నిర్వహణ, పరాయి సంస్కృతివారితో బేరం నడిపే పద్ధతి, ఇవన్నీ ఇందులో పాఠ్యాంశాలే. బేతంచెర్ల నాపరాయి, ఆదోని పత్తి, పులివెందుల అరటి, కోడూరు మామిడి బయటి మార్కెట్లకు పోవలసిన సరుకులు. వాటి వ్యాపారంలో మనవాళ్లు హమాలీలుగా, డ్రైవర్లుగా, చిన్న దళారులుగా ఉన్నారు. ఎగుమతిదారులుగా ఎందరున్నారో మీరే లెక్కించండి.

అందుకే, ఈ చదువును ఒక వ్యాపారాన్ని మనసులో పెట్టుకుని చదవాలని నా అభిప్రాయం. విదేశంలో కొన్నాళ్లు ఉండడానికి వీసా కావాలి కనుక ఏదో ఒక మేనేజ్‌మెంటు కోర్సులో చేరుదామనుకునేవారికి ఇది ఖరీదైన పొరపాటు అవుతుంది. బ్రిటన్‌లో చదువు తరువాత ఉద్యోగం వెదుక్కోవడానికి ఇస్తున్న రెండేళ్ల గడువు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ పట్టభద్రులకు పద్దెనిమిది నెలలకు తగ్గుతుంది. పాఠ్యబోధన మాస్టర్స్ విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లే వీలును 2024 జనవరి నుంచే తీసివేశారు. ప్రభుత్వాలు తలుపులను తెరిచినంత సులభంగా మూస్తాయి. చేతిలో విద్య మిగలాలి.

ఎంబీఏ, ఎంఎస్సీల భేదం కూడా చెప్పాలి. పేరున్న సంస్థలలో ఎంబీఏ సాధారణంగా కొన్నేళ్ల ఉద్యోగానుభవం ఉన్నవారి కోసం. డిగ్రీ పూర్తి కాగానే వెళ్లేవారికి ఎంఎస్సీ అంతర్జాతీయ వ్యాపారం తగినది. అనుభవం అడగకుండా ఎంబీఏ ఇస్తామనే సంస్థ కనబడితే కాస్త ఆగి విచారించండి. ఆ బిజినెస్ స్కూలుకు ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఏఎంబీఏ గుర్తింపులలో ఏదైనా ఉందేమో ఆయా సంస్థల జాబితాలలోనే చూడవచ్చు. ఏజెంటు చూపే కాగితంలో చూడకండి.

విచారించకపోతే ఏమవుతుందో తెలుగువారికి తెలియనిది కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు చిక్కుకున్నవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. 2019లో మిషిగాన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ఉదంతం మరీ విచిత్రం. ఆ సంస్థను అమెరికా వలస అధికారులే వల పన్నడానికి స్థాపించారు. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారు అనేకులు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మధ్యవర్తులపైనా కేసులు నడిచాయి. అధికారులు అలా వల పన్నడం న్యాయమా అని అడిగే హక్కు మనకుంది. అయితే తరగతులు జరగని చోట ఫీజు కట్టడం ఎందుకని మన పిల్లలనూ అడగాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. అసలు బాధ ఇక్కడే ఉంది.

జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అధిక భాగం విదేశీ విద్యార్థుల నుంచి కూడా బోధనా రుసుము తీసుకోవు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టరుకు 1,500 యూరోలు. ప్రైవేటు సంస్థలు వేరు, వాటి రుసుములు లక్షలలో ఉంటాయి. ఏజెంట్లకు ప్రీతి వాటిమీదే. వీసా కోసం ఏడాది జీవన వ్యయం 11,904 యూరోలు, అంటే సుమారు 12 లక్షల రూపాయలు, ఒక ప్రత్యేక ఖాతాలో ముందే వేయాలి. నెలకు 992 యూరోల చొప్పున అది విద్యార్థి చేతికే తిరిగి వస్తుంది. దీనిని ఫీజు అని చెప్పి నమ్మించేవారుంటారు, జాగ్రత్త. మన సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. మరొక మాట: అక్కడి వ్యాపార కోర్సులు డిగ్రీలో వ్యాపార విషయాల క్రెడిట్లు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తాయి. కనుక ఇంజనీరింగ్ చదివిన అబ్బాయి కంటే కర్నూలులో బీకాం చదివిన అమ్మాయికి అవకాశం మెరుగు కావచ్చు. బీకాంను చిన్నచూపు చూసే ఇళ్లవారు ఇది గమనించాలి.

ఆ 12 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? బ్యాంకులు 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి సాధారణంగా తనఖా అడుగుతాయి. మన ఇళ్లలో తాతల ఇల్లు భాగాలు పంచుకోకుండా నలుగురు అన్నదమ్ముల మధ్య ఉంటుంది. కొందరు వక్ఫ్ స్థలంలో ఉంటారు, దానిని తనఖా పెట్టే హక్కే వారికి లేదు. ఆస్తి ఉన్నట్టే కనబడినా కాగితం ఉండదు. అక్కడ బ్యాంకు తలుపు మూసుకుని, రోజు వడ్డీల వ్యాపారి తలుపు తెరుచుకుంటుంది.

వడ్డీ విషయంలో ధర్మసందేహం ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దానిపై తీర్పు చెప్పవలసింది ఉలమాలు, నేను కాదు. కానీ ఆ సందేహాన్ని వెనుకబాటుతనమని ఎగతాళి చేసేవారితో నేను ఏకీభవించను. ఆ సందేహం ఉన్నవారు రుసుము లేని దేశాన్ని, పూర్తి ఉపకార వేతనాన్ని ముందు చూడాలి. బ్రిటన్ ప్రభుత్వపు చీవెనింగ్ ఉపకార వేతనం ఏడాది మాస్టర్స్ ఖర్చంతా భరిస్తుంది. రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. మహల్లా స్థాయిలో పదిమంది వ్యాపారులు కలిసి ఖర్జె హసనా నిధి పెడితే, ఏడాదికి ఒక్క విద్యార్థి ఖాతాకు సరిపడా సమకూడదా? పెళ్లి పందిళ్లకు పెడుతున్న ఖర్చు చూస్తే సమకూడుతుందనే అనిపిస్తుంది.

అయితే సమాజం చేయవలసినది చెప్పి ప్రభుత్వాన్ని వదిలివేయడం నాకు సమ్మతం కాదు. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుల రుణాలపై వడ్డీ భారాన్ని కేంద్రం భరించే 'పఢో పర్‌దేశ్' పథకం ఉండేది. ఏడాదికి ఆరు లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు అది వర్తించేది, 35 శాతం ఆడపిల్లలకు కేటాయించారు. 2022-23 నుంచి దానిని నిలిపివేశారు. అదే సమయంలో పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, ఇతర పథకాలతో కలిసిపోతున్నదని చెప్పి రద్దు చేశారు. విదేశీ చదువుల విషయంలో ఆ సాకు కూడా నిలవదు. కేంద్రపు సాధారణ వడ్డీ రాయితీ స్వదేశంలోని కోర్సులకే పరిమితం. పైగా రాష్ట్రంలో బీసీ-ఇ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. దూదేకుల కుటుంబాలు మాత్రం కేంద్ర జాబితాలో ఉన్నాయి, ఓబీసీలకు ఉన్న అవకాశాలను వారు విడిగా అడిగి తెలుసుకోవాలి.

రాష్ట్రం సంగతి చూద్దాం. 2022లో వచ్చిన విదేశీ విద్యా పథకం మొదట ప్రపంచ ర్యాంకులలో 200 లోపు విశ్వవిద్యాలయాలకు వర్తించింది. తరువాత ఆయా సబ్జెక్టులలో మొదటి 50 స్థానాలకు కుదించి, మైనారిటీలతో సహా వెనుకబడిన వర్గాలకు గరిష్ఠంగా 1.25 కోట్ల రూపాయలు అన్నారు. బూటకపు కళాశాలలను వడకట్టడానికి ర్యాంకు షరతు మంచిదే. కానీ దాని ఫలితం చూడండి. కోటి రూపాయల రుసుము వసూలు చేసే సంస్థలో సీటు తెచ్చుకున్న ఒక్కరికి సాయం అందుతుంది. రుసుమే లేని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుని, జీవన వ్యయానికి 12 లక్షలు లేక ఆగిపోయిన నంద్యాల అమ్మాయికి ఏమీ అందదు. ఒకరి డబ్బుతో ఎనిమిది, పదిమంది వెళ్లవచ్చు. పథకం పేరు ఏ ముఖ్యమంత్రిదైనా కానివ్వండి, రుసుము లేని గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల విద్యార్థులకు జీవన వ్యయం ఇవ్వాలని మనం అడగాలి. కలెక్టరు గారి సోమవారపు అర్జీలలో ఇది ఒక్కసారి కాదు, ప్రతి వారం కనబడాలి.

ఆడపిల్లల గురించి ఒక్క మాట. ఒంటరిగా అంత దూరం ఎలా పంపుతామని అడిగే తండ్రుల ఆందోళనను నేను తేలికగా తీసుకోను. కానీ ఇదే నేల నుంచి మన అక్కాచెల్లెళ్లు ఎందరో ఒంటరిగా కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో వంట చేస్తూ, పిల్లలను పెంచుతూ సంవత్సరాలు గడిపారు. అప్పుడు అడ్డురాని దూరం చదువుకు మాత్రం ఎందుకు అడ్డువస్తోంది? వాతావరణమే బెంగ అయితే మలేషియాలో 1983లో ఏర్పడిన అంతర్జాతీయ ఇస్లామిక్ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడా వ్యాపార నిర్వహణ బోధిస్తారు.

సమయం తక్కువ ఉంది. జర్మనీలో శీతకాల సెమిస్టరుకు చాలా కోర్సులకు జూలై 15 చివరి తేదీ, కొన్నిటికి ఇంకా ముందే. ఏపీఎస్‌కు నెలలు పట్టవచ్చు. కనుక డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు మార్కుల జాబితాలు, పాస్‌పోర్టు, ఆంగ్ల పరీక్ష ఈ సంక్రాంతి లోపే సిద్ధం చేసుకోవాలి. పాస్‌పోర్టులో, పదో తరగతి మెమోలో పేరు ఒకే విధంగా ఉందో లేదో ఈ రాత్రే చూడండి. షేక్ ముందా వెనుకా అన్న తేడాతో ఆగిపోయిన దరఖాస్తులు చాలా చూశాను.

ఇక ప్రశ్నలు అడగండి. ముందుగా వెనుక వరుసలలో కూర్చున్న తల్లులు అడగాలని మనవి.